అఖెనాటెన్ మత సంస్కరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రీ.పూ. 14వ శతాబ్దంలో ఈజిప్టును సుమారు 17 ఏళ్లు పాలించిన అఖెనాటెన్, తరతరాలుగా పూజలందుకుంటున్న దేవతలను పక్కకు నెట్టి, ఆకాశంలో కనిపించే సూర్యబింబాన్ని ఒక్కదాన్నే రాజ్యదైవంగా నిలబెట్టాలని చూశాడు. అతన్ని కాలానికి ముందే పుట్టిన ప్రవక్తగా మెచ్చుకునేవారూ, దేశాన్ని పాడుచేసిన మతోన్మాదిగా తిట్టేవారూ ఇప్పటికీ ఉన్నారు. మొదటివారు ఎక్కువగా అతని స్తోత్రాలను చదివినవారు, రెండవవారు అతని తర్వాతి రాజులు వేయించిన శాసనాలను చదివినవారు. కింది సమాధానాల్లో ఈ రెండింటితో పాటు ఆలయాల రాళ్లను, మట్టిపలకల మీది ఉత్తరాలను, శ్రామికుల సమాధుల్లో దొరికిన ఎముకలను కూడా లెక్కలోకి తీసుకున్నాను.

అఖెనాటెన్ ఎవరు? అతనికి సింహాసనం ఎలా దక్కింది?

అతడు 18వ రాజవంశానికి చెందినవాడు; మూడవ ఆమెన్‌హోటెప్‌కు, పట్టపురాణి తియేకు పుట్టిన కొడుకు. అన్న థుట్మోస్ యువరాజుగా ఉండగానే చనిపోవడంతో రాజ్యం ఇతనికి వచ్చింది. క్రీ.పూ. 1353 ప్రాంతంలో నాలుగవ ఆమెన్‌హోటెప్ అనే పేరుతో సింహాసనం ఎక్కాడు. దాదాపు 38 ఏళ్లు పాలించిన తండ్రి, ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నుబియా బంగారంతో నిండిన ఖజానాను, నేటి సూడాన్ నుంచి సిరియా దాకా చెల్లుబాటయ్యే అధికారాన్ని కొడుకుకు అప్పగించి వెళ్లాడు. యుద్ధంలో ఓటమో, అంతఃకలహమో తరుముకొస్తే చేసిన సంస్కరణ కాదిది. రాజ్యం నిండుగా ఉన్న కాలంలో ఒక రాజు తన నమ్మకం కోసం తలపెట్టిన పని.

అంతకుముందు ఈజిప్టులో మతం ఎలా ఉండేది?

ప్రతి పట్టణానికీ తన దేవత ఉండేది. మెంఫిస్‌లో ప్తా, హీలియోపోలిస్‌లో సూర్యదేవుడు రే, అబైడోస్‌లో మృతుల లోకానికి అధిపతి అయిన ఒసైరిస్, థీబ్స్‌లో ఆమున్ ప్రధాన దైవాలు. విదేశీయులైన హిక్సోస్ పాలకులను తరిమికొట్టింది థీబ్స్ రాజులే కాబట్టి, ఆ విజయాల ఘనత ఆమున్‌కు చెందింది. థీబ్స్‌లో కర్నాక్ అనే చోట ఉన్న అతని ఆలయానికి భూములు, పశువులు, యుద్ధాల్లో దక్కిన సొమ్ము తరతరాలుగా చేరుతూ వచ్చాయి. మూలవిగ్రహం ఉండే చీకటి గదిలోకి పూజారులు తప్ప ఎవరూ వెళ్లలేకపోయినా, ఒపెట్ వంటి పండుగల్లో దేవుడే బయటికి వచ్చేవాడు. మన ఆలయాల్లో ఉత్సవమూర్తిని ఊరేగించినట్టే, ఆమున్ ప్రతిమను పడవ ఆకారంలో ఉన్న పల్లకిలో ఉంచి పూజారులు భుజాల మీద మోసేవారు. దారి పొడవునా నిలబడిన జనం మొక్కుకునేవారు, తమ తగవుల గురించి దేవుణ్ణి అడిగేవారు. పల్లకి ముందుకు ఒరిగిందా వెనక్కి జరిగిందా అన్నదాన్ని బట్టి సమాధానం తెలుసుకునే ఆచారం కూడా ఉండేది. సంస్కరణ వల్ల సామాన్యుడు పోగొట్టుకున్నది ఏమిటో గ్రహించాలంటే ఈ ఊరేగింపుల సంగతి తెలిసి ఉండాలి.

ఆటెన్ అనే దైవాన్ని అఖెనాటెన్ స్వయంగా సృష్టించాడా?

లేదు. సూర్యబింబానికి ఆ పేరు అప్పటికే కొన్ని శతాబ్దాలుగా ఉంది. మరణించిన రాజు బింబంలో ఐక్యమయ్యాడని చెప్పే రచనలు అంతకు ఎంతో ముందే ఉన్నాయి. మూడవ ఆమెన్‌హోటెప్ తన రాచపడవకు ఆటెన్ పేరు పెట్టాడు, తనను తాను ప్రకాశించే ఆటెన్‌గా చెప్పుకున్నాడు. కొడుకు పాలన తొలి నెలల్లో కూడా ఈ దైవాన్ని డేగ తల ఉన్న మనిషిగా, రే-హొరాఖ్తి అనే పాత సూర్యదేవుడి రూపంలోనే చెక్కారు. తర్వాత ఆ రూపం పోయి, ఒక బింబం, దాని నుంచి కిందికి దిగే కిరణాలు, ప్రతి కిరణం కొసన ఒక చిన్న చేయి మిగిలాయి. ఆ చేతులు రాజు, రాణి ముక్కుల దగ్గర ప్రాణచిహ్నాన్ని పట్టుకుని ఉంటాయి. పక్కనున్న వేరెవరికీ అవి ప్రాణాన్ని అందించవు. రాజుల పేర్ల చుట్టూ మాత్రమే గీసే అండాకార చట్రంలో దేవుడి పేరును రాయడం కూడా అప్పుడే మొదలైంది. అంటే ఆటెన్ దేవుడే కాదు, రాజు కూడా.

మార్పు ఒక్కసారిగా వచ్చిందా, క్రమంగా వచ్చిందా?

క్రమంగానే వచ్చింది, అయితే ప్రతి అడుగూ ముందరి అడుగుకంటే కఠినంగా పడింది. మొదట కర్నాక్‌లోనే, ఆమున్ ప్రాకారానికి తూర్పున, ఆటెన్ కోసం ఆలయాలు లేచాయి. వీటిని త్వరగా కట్టడానికి సుమారు 52 సెంటీమీటర్ల పొడవు, 26 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న రాళ్లను వాడారు. తలాతాత్ అని నేడు పిలిచే ఈ రాళ్లు ఒక మనిషి మోయగల బరువులో ఉంటాయి. అక్కడి ఒక కట్టడంలో రాజు కనిపించడు. రాణి నెఫెర్టిటి తానే కూతురిని వెంటబెట్టుకుని ఆటెన్‌కు నైవేద్యం సమర్పిస్తుంది. ఈజిప్టు రాణులలో అంతటి స్థానం చాలా అరుదు.

పాలనలో 5వ ఏట అతడు ఆమున్ పేరు ఇమిడి ఉన్న తన పేరును వదిలి, ఆటెన్‌కు ఉపకరించేవాడు అనే అర్థం వచ్చే అఖెనాటెన్ అనే పేరు పెట్టుకున్నాడు. ఆ ఏడే కొత్త రాజధానికి హద్దులు నిర్ణయించాడు. మరికొన్నేళ్లకు ఆటెన్ పూర్తి బిరుదునామంలో మిగిలి ఉన్న హోరస్, షూ అనే పాత దేవతల ప్రస్తావనలను తీసేశారు. తర్వాత చెరిపివేత మొదలైంది. రాతి పనివాళ్లు ఉలులు పట్టుకుని దేశమంతా తిరిగి ఆమున్ పేరును, అతని భార్య ముత్ పేరును చెక్కేశారు. ఆకాశాన్నంటే ఏకశిలా స్తంభాల కొసలను కూడా వదల్లేదు. ఆమున్ పేరు ఉంది కాబట్టి సొంత తండ్రి పేరునూ వదల్లేదు. కొన్నిచోట్ల దేవతలు అనే బహువచనాన్ని కూడా చెరిపారు. కాటుక భరిణెలు, చిన్న రక్షరేకుల వంటి సొంత వస్తువుల మీద సైతం ఆ పేరు గీకేసి ఉండటం చూస్తే, భయం ఇళ్లలోకి కూడా చేరిందని అర్థమవుతుంది.

రాజధానిని ఎక్కడికి మార్చాడు? ఎందుకు?

మెంఫిస్, థీబ్స్ నగరాలకు నడుమ, నైలు తూర్పు ఒడ్డున, ఈనాటి మిన్యా రాష్ట్రంలోని అమర్నా ప్రాంతానికి. కొత్త నగరానికి అఖెటాటెన్, అంటే ఆటెన్ ఉదయించే దిగంతం, అని పేరు పెట్టాడు. చుట్టూ ఉన్న కొండల మీద చెక్కించిన పెద్ద సరిహద్దు శాసనాలలో కారణం అతని మాటల్లోనే ఉంది: ఆ నేల ఏ దేవుడిదీ, ఏ దేవతదీ, ఏ రాజుదీ కాదు, ఆ చోటును తనకు చూపించింది ఆటెనే తప్ప మనుషులు కారు. తాను, రాణి, పెద్ద కూతురు మెరిటాటెన్ ఏ ఊళ్లో చనిపోయినా తెచ్చి అక్కడే పూడ్చాలని కూడా ఆ శాసనాలు ఆదేశిస్తాయి.

కొన్నేళ్లలోనే ఎడారి అంచున వేలాది మంది నివసించే నగరం వెలిసింది. ముప్పావు కిలోమీటరు పొడవున్న ప్రాకారంలో మహా ఆలయం, నగరం నడిబొడ్డున చిన్న ఆలయం, రాచభవనాలు, కార్యాలయాలు, శిల్పుల కార్ఖానాలు, వాటికి దూరంగా సమాధులు తొలిచే పనివాళ్ల గ్రామం ఉండేవి. ఎక్కువ భాగం పచ్చి ఇటుకతో, తొందరగా కట్టినదే.

ఆటెన్‌ను ఎలా పూజించేవారు?

ఆలయాలకు పైకప్పు ఉండేది కాదు, గర్భగుడి ఉండేది కాదు, విగ్రహం ఉండేది కాదు. దేవుడు నేరుగా నెత్తి మీదే ఉన్నప్పుడు ఇవేవీ అవసరం లేదన్నది ఈ మతం తర్కం, అది నాకు ఇప్పటికీ అందమైన ఆలోచనగానే తోస్తుంది. ఆరుబయట వందల కొద్దీ నైవేద్య వేదికలు కట్టి, వాటి మీద రొట్టెలు, మాంసం, పూలు, ధూపం ఉంచి ఎండకు అర్పించేవారు.

ఆకాశం అందరికీ తెరిచి ఉన్నా, ఆ దేవుడితో మాట్లాడే అధికారం మాత్రం రాజు చేతిలోనే ఉండిపోయింది. నగరంలోని అధికారుల ఇళ్లలో దొరికిన పూజాఫలకాల మీద ఆటెన్ ఒక్కడే ఉండడు. కిరణాల కింద కూర్చుని పిల్లలను ముద్దాడుతున్న రాజదంపతులు ఉంటారు. ఇంటివారు రాజకుటుంబానికి మొక్కాలి, ఆ కుటుంబం ఆటెన్‌కు మొక్కుతుంది. అప్పటివరకూ దేవుడి ఊరేగింపు సాగిన చోట, ఇప్పుడు రాజమార్గం మీద రాజు రథయాత్ర సాగింది.

ఆటెన్ మహాస్తోత్రంలో ఏముంది?

ఈ స్తోత్రం ఆయ్ అనే ఉన్నతాధికారి కోసం అమర్నాలో తొలిచిన సమాధి గోడ మీద నిలువు వరుసల్లో ఉంది. సూర్యుడు పడమట కుంగితే లోకం చచ్చినట్టు చీకట్లో పడి ఉంటుందని, తల కింద పెట్టుకున్న వస్తువులను దొంగిలించినా నిద్రపోయేవారికి తెలియదని, సింహాలు గుహలు వదిలి వస్తాయని, పాములు కాటేస్తాయని మొదట చెబుతుంది. తెల్లవారగానే జనం లేచి, ఒళ్లు కడుక్కుని, బట్టలు కట్టుకుని చేతులెత్తి నమస్కరిస్తారు. దేశమంతా పనిలోకి దిగుతుంది. పక్షులు గూళ్ల నుంచి లేస్తాయి, మేకలు గంతులేస్తాయి, నదిలో చేపలు నీ ముఖం చూసి ఎగురుతాయి అంటాడు కవి. తల్లి గర్భంలోని బిడ్డను ఓదార్చేదీ, గుడ్డు పెంకులో కూతపెట్టే పిల్లకు ఊపిరి పోసేదీ ఆటెనే.

ఇంకా గొప్ప సంగతి, ఈజిప్టు కవి సిరియాను, దక్షిణాన ఉన్న కుష్‌ను తన దేశంతో సమానంగా తలచుకోవడం. మనుషుల భాషలు వేరు, ఒంటిరంగులు వేరు, అయినా అందరినీ ఆటెనే చేశాడంటాడు. నైలు పారని దేశాల కోసం ఆకాశంలో మరో నైలును ఉంచాడట. వాన గురించి వాన ఎరుగని దేశపు కవి చెప్పిన మాట అది. శత్రుదేశాల తలలను రాజు గదతో పగలగొట్టే బొమ్మలే ఆలయ గోడల మీద నిండిన ఒక సంస్కృతిలో ఈ భావం పుట్టడం సామాన్యం కాదు.

స్తోత్రంలో లేనివి కూడా గమనించాలి. పాత సూర్యస్తోత్రాల్లో సూర్యుడు రాత్రంతా పాతాళంలో అపోఫిస్ అనే సర్పంతో పోరాడతాడు, చనిపోయినవారికి వెలుగు ఇస్తాడు. ఇక్కడ పోరాటం లేదు, ఒసైరిస్ లేడు, పాపపుణ్యాల విచారణ లేదు, కష్టంలో ఉన్నవాడు పెట్టుకునే మొర లేదు. చివరికి వచ్చేసరికి, నిన్ను ఎరిగినవాడు నీ కుమారుడు తప్ప మరొకడు లేడు అని కవి ముగింపు వైపు నడుస్తాడు. ఆ కుమారుడు అఖెనాటెన్. చేపపిల్లకూ విదేశీయుడికీ చోటిచ్చిన స్తోత్రం, దేవుణ్ణి తెలుసుకునే హక్కును ఒక్క మనిషికి కట్టబెట్టింది. ఈ సంస్కరణలోని గొప్పతనమూ, దాన్ని కూల్చిన లోపమూ ఈ ఒక్క రచనలోనే పక్కపక్కన ఉన్నాయని నేను నమ్ముతున్నాను.

దీన్ని ఏకేశ్వరవాదం అనవచ్చా?

పండితులలో ఏకాభిప్రాయం లేదు. నీ వంటి దేవుడు మరొకడు లేడు అనే మాట స్తోత్రంలో స్పష్టంగానే ఉంది. ఆమున్ పట్ల చూపిన పగ కూడా మిగతా దేవతలను సహించని ధోరణినే చూపుతుంది. అయితే హీలియోపోలిస్‌లో రేకు పవిత్రమైన మ్నెవిస్ ఎద్దును అమర్నాలో పూడ్చాలని సరిహద్దు శాసనమే ఆజ్ఞాపిస్తుంది. సత్యానికీ ధర్మానికీ రూపమైన మాఅత్‌ను రాజు తన బిరుదుల్లో నిలుపుకున్నాడు. ఆమున్ పేరును వెతికి చెరిపినంత పట్టుదలగా చాలామంది ఇతర దేవతల జోలికి పోలేదు. అమర్నాలోనే, పనివాళ్ల గ్రామంలో, ఇంటిని కాచే మరుగుజ్జు దేవుడు బెస్, గర్భిణులను కాచే తవేరెట్ రక్షరేకులు దొరికాయి. రాజు కళ్లెదుటే పాత దేవతలు ఇళ్లలో బతికారన్నమాట.

ఆమున్ పూజారుల బలాన్ని తగ్గించే రాజకీయ ఎత్తుగడ కాదా ఇది?

చాలా పుస్తకాల్లో కనిపించే వివరణ ఇదే, నాకు మాత్రం ఇది చాలదు. పెద్ద పూజారులను నియమించేది రాజే. ఆలయాల సంపద కూడా రాజ్యపు ఆర్థిక వ్యవస్థలో భాగమే. వ్యతిరేకత అసలు లేదని కాదు. దెబ్బతిన్న ఒక సరిహద్దు శాసనంలో, పాలన 4వ ఏట తాను విన్నవాటికంటే చెడ్డ మాటలు అంటూ రాజు ఆగ్రహంగా మాట్లాడిన భాగం మిగిలి ఉంది. కానీ పూజారుల పెత్తనమే సమస్య అయితే వారిని మార్చి ఊరుకునేవాడు. స్తంభాల కొసల మీది అక్షరాలను చెరిపించే అవసరం వచ్చేది కాదు. అక్షరం మిగిలితే ఆ దేవుడు మిగులుతాడని నమ్మినవాడే ఆ పని చేస్తాడు. రాజకీయ ప్రయోజనం ఉంటే ఉండవచ్చు, మూలం మాత్రం విశ్వాసమే.

కొత్త నగరంలో సామాన్యుల బతుకు ఎలా ఉండేది?

సమాధి గోడల మీద నైవేద్య వేదికలు రొట్టెలతో, మాంసంతో పొంగిపొర్లుతుంటాయి. ఆ నగరపు పేదల శ్మశానం వేరే కథ చెబుతుంది. దక్షిణ సమాధుల దగ్గరి శ్మశానంలో 2006 నుంచి 2013 వరకు అమర్నా ప్రాజెక్టు అనే పురావస్తు బృందం జరిపిన తవ్వకాల్లో, చాపల్లో చుట్టి ఇసుకలో పూడ్చిన వందల మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. పిల్లల ఎదుగుదల కుంటుపడింది, పోషకాహార లోపం గుర్తులు ఉన్నాయి, పెద్దవారి వెన్నెముకలు బరువులు మోసి దెబ్బతిన్నాయి, చాలామంది నడివయసు చూడకుండానే పోయారు. కొందరి భుజం ఎముకల మీద శిక్షగా పొడిచిన గాయాలు కూడా ఉన్నాయి. ఉత్తరాన ఉన్న మరో శ్మశానంలో ఎక్కువమంది 7 నుంచి 25 ఏళ్ల లోపువారే. ఒకే గుంటలో ఇద్దరు ముగ్గురిని, పక్కన దాదాపు ఏమీ పెట్టకుండా పూడ్చారు. ఇసుక తప్ప ఏమీ లేని చోట కొద్ది ఏళ్లలో రాజధాని లేపడం వెనుక ఈ పిల్లల వెన్నెముకలు ఉన్నాయి. స్తోత్రాన్ని ప్రేమించే ప్రతివారూ ఈ నివేదికలను కూడా చదవాలని నా గట్టి కోరిక.

మరణం గురించి కొత్త మతం ఏం చెప్పింది?

ఒసైరిస్ రాజ్యం మాయమైంది. అమర్నా అధికారుల సమాధుల్లో పరలోక ప్రయాణపు బొమ్మలు లేవు. రాజు రథం మీద వెళ్లడం, రాజు బహుమతులు పంచడం వంటివే ఉన్నాయి. చనిపోయినవాడు రాత్రి సమాధిలో నిద్రించి, ఉదయం లేచి ఆలయానికి వచ్చి నైవేద్యంలో పాలు పంచుకుంటాడని చెప్పారు. ఆ వాటా కూడా రాజు దయ మీద ఆధారపడినదే. తన పూర్వీకులను ఒసైరిస్ కాపాడుతున్నాడని నమ్ముకున్న కుటుంబానికి ఇదెంత చిన్న ఊరటో ఊహించవచ్చు.

మతం మీద ధ్యాసతో సామ్రాజ్యాన్ని నిర్లక్ష్యం చేశాడా?

1887లో అమర్నాలో దొరికిన 380కి పైగా మట్టిపలకలు ఈ ప్రశ్నను లేవనెత్తాయి. అక్కాడియన్ భాషలో, శరాకార లిపిలో ఉన్న ఈ ఉత్తరాలు ఎక్కువగా విదేశీ రాజులు, సామంతులు పంపినవి. నేటి లెబనాన్ తీరంలోని బిబ్లోస్ పాలకుడు రిబ్-హద్దా సైన్యం పంపమని ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. ఉత్తర సిరియా ప్రాంతపు మిటానీ రాజ్యాన్ని ఏలిన తుష్రత్త, నీ తండ్రి మాట ఇచ్చిన బంగారు విగ్రహాలకు బదులు బంగారు పూత పూసిన కొయ్య బొమ్మలు పంపావని వాపోయాడు. అస్సిరియా రాజు అషూర్-ఉబల్లిట్, తన దూతలను ఎండలో నిలబెట్టి చంపడం ఎందుకని నిలదీశాడు. ఆరుబయలు పూజలు చేసే దర్బారులో విదేశీ దూతలు పడిన యాతన ఆ ఉత్తరంలో వినిపిస్తుంది.

అయినా నిర్లక్ష్యం అనే నింద కాస్త ఎక్కువే. అతని పాలన 12వ ఏట నుబియాలో తిరుగుబాటును సైన్యం అణచివేసింది. సిరియాలో కాదేష్, అముర్రు అనే సామంత రాజ్యాలు చేజారడానికి నేటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్ రాజు సుప్పిలులియుమా బలం ముఖ్య కారణం. సామంతులు సాయం అడుగుతూ గగ్గోలు పెట్టడం తండ్రి కాలంలోనూ ఉన్నదే.

మిటానీ రాజులకు వేదదేవతలతో సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. తుష్రత్త కుమారుడు షత్తివాజ సుప్పిలులియుమాతో చేసుకున్న సంధిపత్రంలో సాక్షులుగా పిలిచిన దేవతల జాబితాలో మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల పేర్లు ఉన్నాయి. ఈ పలకలు టర్కీలోని బొఘజ్‌కోయ్‌లో దొరికాయి. అయితే తుష్రత్త కూతురు తదుఖెపా ఈజిప్టు అంతఃపురానికి వచ్చింది కాబట్టి ఆటెన్ మతం వేదసూర్యోపాసన నుంచి పుట్టిందని కొందరు చేసే వాదనకు ఆధారం లేదు. ఈజిప్టులో సూర్యారాధన అప్పటికే వేయేళ్లకు మించి పాతది.

శిల్పాల్లో అతని రూపం వింతగా ఉంటుంది. ఏదైనా వ్యాధి ఉండేదా?

పొడవాటి ముఖం, కిందికి సాగిన చుబుకం, వెడల్పైన తుంటి చూసి మార్ఫాన్ వంటి జన్యు వ్యాధులను ఊహించారు. 2010లో వెలువడిన రాజమమ్మీల పరిశోధన మార్ఫాన్ ఊహను సమర్థించలేదు. రాణిని, కూతుళ్లను, అధికారులను కూడా అదే తీరులో చెక్కారు కాబట్టి ఇది శిల్పశైలి అనుకోవడమే సబబు. ప్రధాన శిల్పి బెక్, తనకు విద్య నేర్పింది రాజే అని అస్వాన్ దగ్గరి రాతి మీద రాసుకున్నాడు. తర్వాతి ఏళ్లలో శైలి మృదువైంది. 1912 డిసెంబరులో శిల్పి థుట్మోస్ కార్ఖానాలో దొరికిన నెఫెర్టిటి ప్రతిమ ఆ దశకు చెందినది.

అతని మరణం తర్వాత ఏమైంది?

పాలన 17వ ఏట అతడు చనిపోయాడు. స్మెంఖ్‌కరే, నెఫెర్‌నెఫెరుఆటెన్ అనే ఇద్దరి స్వల్ప పాలన తర్వాత టుటన్‌ఖాటెన్ అనే బాలుడు రాజై, పేరును టుటన్‌ఖామున్‌గా మార్చుకున్నాడు. కర్నాక్‌లో దొరికిన అతని పునరుద్ధరణ శాసనం, దక్షిణాన ఎలిఫెంటైన్ నుంచి ఉత్తరాన డెల్టా చిత్తడి నేలల దాకా గుళ్లు పాడుబడి కలుపు మొక్కలతో నిండాయని, దేవతలు దేశానికి వీపు తిప్పారని, మొక్కినా పలకలేదని చెబుతుంది. ఇందులో కొత్త ప్రభుత్వపు ప్రచారం ఉన్నా, ఎవరికి మొక్కాలో తెలియక మిగిలిపోయిన జనం బాధ కూడా ఉంది.

మార్పు అంత తేలిగ్గా జరగడానికి కారణం, ఆటెన్ మతానికి రాజు బయట వేళ్లు లేకపోవడమే. ఆ దేవుణ్ణి ఎరిగిన ఒక్కడూ పోయాక, దాన్ని కొనసాగించే గురువులు లేరు, దాని కోసం నిలబడే భక్తులు లేరు. తర్వాత రాజైన సేనాపతి హోరెంహెబ్ కర్నాక్‌లోని ఆటెన్ ఆలయాలను విప్పి, ఆ రాళ్లను తన మహాద్వారాల లోపల నింపాడు. రెండవ రామ్సెస్ కాలంలో అమర్నా రాళ్లు నది అవతల హెర్మోపోలిస్‌కు తరలిపోయాయి. అబైడోస్‌లోని రాజుల జాబితా మూడవ ఆమెన్‌హోటెప్ నుంచి నేరుగా హోరెంహెబ్‌కు దూకుతుంది. ఒక భూవివాదంలో అఖెనాటెన్ కాలాన్ని ప్రస్తావించవలసి వచ్చినప్పుడు, పేరు చెప్పకుండా అఖెటాటెన్ శత్రువు అని మాత్రమే రాశారు. ఆమున్‌కు అతడు చేసినదే అతనికీ జరిగింది.

మోషే మతానికి మూలం అఖెనాటెనేనా?

మనోవిశ్లేషణ సిద్ధాంతకర్త ఫ్రాయిడ్ 1939లో ఈ ఊహను ప్రచారంలోకి తెచ్చాడు. చారిత్రక ఆధారం లేదు. ఇజ్రాయెల్ పేరు ఈజిప్టు శాసనాల్లో మొదట స్పష్టంగా కనిపించేది మెర్నెప్తా అనే రాజు కాలంలో, అంటే సుమారు 130 ఏళ్ల తర్వాత. కీర్తనల గ్రంథంలోని 104వ కీర్తనకు, ఆటెన్ స్తోత్రానికి పోలికలు ఉన్నమాట వాస్తవమే. రాత్రి తిరిగే సింహాలు, ఉదయం పనికి వెళ్లే మనిషి రెండింటిలోనూ ఉన్నారు. సూర్యస్తోత్రాల సంప్రదాయం ఆ ప్రాంతమంతటా వ్యాపించి ఉండటం దానికి చాలిన కారణం.

ఆనాటి అవశేషాలను ఎక్కడ చూడవచ్చు?

కర్నాక్‌లో దొరికిన అఖెనాటెన్ భారీ విగ్రహాలు కైరో, లక్సర్ ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. తలాతాత్ రాళ్లను తిరిగి పేర్చిన ఒక గోడ లక్సర్‌లో ఉంది. నెఫెర్టిటి ప్రతిమ బెర్లిన్‌లో ఉంది, దాన్ని తిరిగి ఇవ్వాలని ఈజిప్టు కోరుతూనే ఉంది. అమర్నాలో ఆలయాల పునాదులను, కొండల్లోని సరిహద్దు శాసనాలను, అధికారుల సమాధులను చూడవచ్చు. ఆయ్ సమాధి దక్షిణ గుంపులో ఉంది. అక్కడి గోడ మీది స్తోత్రంలో కొంత భాగం 19వ శతాబ్దం చివర్లో ధ్వంసమైంది. ఆ వాక్యాలను నేడు చదవగలుగుతున్నామంటే, అంతకు కొద్ది ఏళ్ల ముందు ఫ్రెంచి పండితుడు యుర్బేన్ బూరియాన్ రాసుకున్న నకలే ఆధారం.